బందరు రోడ్డు, బందరు కాలవ, బందరు రైలు

మా బంధువుల్లో ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "నువ్వు చదివిందేంటి, చేస్తున్నదేంటి?" అని. న్యాయమైన ప్రశ్నే. బీటెక్ సివిలు, ఎంటెక్ ట్రాన్స్‌పోర్టేషన్ సిస్టమ్స్ ఇంజనీరింగు, ఉద్యోగమేమో సాఫ్ట్‌వేరు. మొన్న గుడివాడలో ఓ పెళ్లిలో మా బాబాయి ఇంకో అడుగు ముందుకేసి, "రోడ్లు వేసే చదువేగా, దానికి మళ్లీ ఎంటెక్ దేనికిరా, కాంట్రాక్టరు దగ్గర ఆర్నెల్లు ఉంటే వచ్చేది" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు.

రోడ్డు వెయ్యడం వేరు బాబాయ్. ఎక్కడ వెయ్యాలి, దాని మీద ఎంతమంది వెళ్తారు, అది పడ్డాక పాత రోడ్డు ఏమవుతుంది, పక్క ఊరు బాగుపడుతుందా చితికిపోతుందా.. ఇదంతా లెక్కగట్టడం వేరు. మేం చదివింది రెండోది. మాకు మొదట నేర్పింది నాలుగు మెట్ల లెక్క. ఏ ఊళ్లో ఎన్ని ప్రయాణాలు పుడతాయి, అవి ఏ ఊరికి పోతాయి, బస్సెక్కుతాయా రైలెక్కుతాయా, చివరికి ఏ దారిన పోతాయి - ఇవీ ఆ నాలుగు మెట్లు. 1950ల్లో చికాగో లాంటి నగరాల కోసం తయారైన పద్ధతి అది. 1952లో వార్‌డ్రప్ అనే ఇంగ్లీషాయన, ఎవరి దారి వాళ్లు తెలివిగా ఎంచుకుంటే చివరికి అన్ని దార్లూ ఒకే సమయం తీసుకునే స్థితికొస్తాయని సూత్రం చెప్పాడు. 1968లో బ్రేస్ అనే జర్మన్ గణితజ్ఞుడు ఇంకా చిత్రమైన సంగతి చూపించాడు: కొత్త రోడ్డు వేస్తే ఒక్కోసారి అందరి ప్రయాణమూ ఇంకా ఆలస్యమవుతుందట! పాఠాలు బావుండేవి. కాకపోతే ఉదాహరణలన్నీ చికాగో, లండను. నేనేమో బందరు రైల్లో కిటికీ పక్క సీటు కోసం తువ్వాలు విసిరి పెరిగినవాణ్ణి.

చాలా ఏళ్ల తర్వాత తట్టింది, ఆ పుస్తకంలోని అధ్యాయాలన్నీ మా కృష్ణా డెల్టాలో ఎప్పుడో జరిగిపోయాయని. అదీ మూడు నాలుగు వందల ఏళ్ల పాటు, ఫెయిలైన ప్రయోగాలతో సహా.

బెజవాడలో మహాత్మాగాంధీ రోడ్డుని జనం ఇప్పటికీ బందరు రోడ్డనే అంటారు. రోడ్డుకి అది చేరే ఊరి పేరు పెట్టారంటే, ఒకప్పుడు జనం బెజవాడకి వచ్చింది బెజవాడ కోసం కాదు, అది దాటి బందరు వెళ్లడానికి అన్నమాట. ఇప్పుడు ఎన్ని బస్సులు ఎటు తిరుగుతున్నాయో చూస్తే వ్యవహారం తిరగబడినట్టు తెలుస్తుంది. ఈ తిరగబడటం ఎలా జరిగిందన్నదే నా కుతూహలం.

17వ శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం. డచ్చివాళ్లు 1600ల మొదట్లోనే వచ్చి కోఠీ పెట్టారు, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు, ఫ్రెంచివాళ్లు 1669లో. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ రేవు నుంచి పెగూకి, సయాంకి, సుమత్రాకి, మక్కాకి, హోర్ముజ్‌కి ఓడలు పోతాయని రాసుకున్నాడు. అంత గొప్ప రేవులో ఓడ ఒడ్డుకి రాదు! తీరమంతా మేట, లోతు లేదు. ఓడలు దూరంగా లంగరేస్తే చిన్న పడవల్లో సరుకు చేరవేసేవాళ్లు. అయినా నడిచింది. ఎందుకంటే రేవుని నడిపించేది లోతొక్కటే కాదు, దాని వెనకున్న దేశం. వెనక గోల్కొండ ఉంది, కొల్లూరు వజ్రపు గనులున్నాయి, అద్దకం బట్టలు నేసే, అచ్చేసే ఊళ్లున్నాయి. వాటిని కలుపుతూ ఎద్దుల బిడారులు నడిచే దారి ఉంది. దీన్నే మా ప్రొఫెసరుగారు "హింటర్‌లాండ్" అని బోర్డు మీద రాసి రెండు గీతలు గీసేవారు.

ఇంగ్లీషువాళ్లు 1641 నాటికే తమ ముఖ్యస్థానాన్ని మద్రాసుకి మార్చుకున్నారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. తర్వాత ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కొట్టుకుని, 1759లో బందరు కోట ఇంగ్లీషువాళ్లదైంది. యుద్ధాల కథ మన చరిత్ర పుస్తకాల్లో బాగానే ఉంది కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. బందరు ఎందుకు పడిపోయిందని మావేపు ఎవర్నడిగినా "1864 ఉప్పెన" అంటారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానుకి సముద్రం పదమూడు అడుగుల ఎత్తున ఊరి మీదికొచ్చింది. ముప్ఫై వేలమంది పోయారని గెజిటీర్లు రాశాయి. ఆ మరుసటేడే అక్కడి సైన్యాన్ని కూడా తీసేశారు. నేనూ చిన్నప్పటి నుంచి ఇదే కారణమనుకున్నాను.

కానీ అదే 1864లో, సరిగ్గా నెల ముందు, అక్టోబరు 5న కలకత్తా మీదికి ఇంకో తుఫాను వచ్చింది. హుగ్లీ పొంగి సుమారు అరవై వేలమంది చనిపోయారు. రేవులో ఉన్న ఓడలు కట్టెపుల్లల్లా కొట్టుకుపోయాయి. మరి కలకత్తా పడిపోయిందా? లేదే! కొద్ది కాలంలోనే తేరుకుని ఇంకా పెరిగింది. బందరుకి పట్టిన ఉప్పెనే కలకత్తాకీ పట్టింది, ఒకటి లేచింది, ఒకటి లేవలేదు. తేడా నీళ్లలో లేదు, వెనకున్న దారుల్లో ఉంది. కలకత్తా వెనక గంగ ఉంది, 1854 నుంచీ రైలుంది, రాజధాని హోదా ఉంది. బందరు వెనకేముంది? సీమ మిల్లు గుడ్డల దెబ్బకి అప్పటికే ఎగుమతి బట్టల వ్యాపారం చితికిపోయింది. గోల్కొండ అనే రాజ్యం పోయి రెండొందల ఏళ్లు కావొస్తోంది. ఉప్పెన మనుషుల్ని చంపింది, నిజమే. రేవు మాత్రం అంతకుముందే జబ్బుపడి ఉంది. మళ్లీ కట్టుకోవాలన్నంత అవసరం పడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇది నా లెక్క, తప్పయితే చెప్పండి.

ఇక కాలవలు. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

1852లో మొదలుపెట్టి 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఆర్. అక్కణ్ణించి బందరు కాలవ, రైవస్ కాలవ, ఏలూరు కాలవ, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలవ. మనం వీటిని పొలాలకి నీళ్లిచ్చేవిగానే చూస్తాం. కాటన్ మాత్రం వీటిని రోడ్లుగా కూడా చూశాడు. ఏలూరు కాలవ గోదావరి కాలవలతో కలుస్తుంది, కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవతో కలుస్తుంది. అంటే కాకినాడలో పడవెక్కినవాడు నేల మీద కాలు పెట్టకుండా మద్రాసు దాటి వెళ్లిపోవచ్చు! ఇది మామూలు నెట్‌వర్కు కాదు.

లెక్క తేలికే. మంచి రోడ్డు మీద ఓ గుర్రం ఒకటి రెండు టన్నులు లాగితే గొప్ప. అదే గుర్రం కాలవ గట్టు మీద నడుస్తూ ముప్ఫై టన్నుల పడవని లాగేది, ఇంగ్లండులో. నీళ్ల మీద రాపిడి అంత తక్కువ. మావేపు గుర్రాలెక్కడివి, మనుషులే లాగేవాళ్లు. మా తాతయ్య చిన్నప్పుడు బెజవాడకి పడవలో వెళ్లేవాణ్ణని చెప్పేవాడు. సాయంత్రం అన్నాలు తిని ఎక్కితే సరంగు లాంతరు కట్టేవాడట, ఇద్దరు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగేవాళ్లట, గాలి కలిసొస్తే చాప ఎత్తేవాళ్లట. లాకుల దగ్గర ఆగినప్పుడు పిల్లలందరూ లేచి కూచునేవాళ్లట, తలుపులు తీసే తమాషా చూడ్డానికి. లాకంటే తెలీనివాళ్ల కోసం: కాలవలో రెండు తలుపుల మధ్య ఓ గది. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు వేసి, నీళ్లు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. నీళ్లతో నడిచే లిఫ్టు. బెజవాడలో బందరు లాకులు, ఏలూరు లాకులు అని ఆటోవాళ్లు ఇప్పటికీ పిలిచే చోట్లు ఇవే.

ఈ నమ్మకంతోనే కాటన్ దేశమంతా రైళ్లు వద్దు, కాలవలు తవ్వండని లండనులో పార్లమెంటు కమిటీ ముందు 1872లో కూడా వాదించాడు. రైలు అంత చవగ్గా, అంత సరుకు మొయ్యలేదన్నది ఆయన మాట. ఓడిపోయాడు. ఆ వాదన అంతటితో చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. 1964లో రాబర్ట్ ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త, అమెరికాలో రైళ్లే లేకపోయినా కాలవలూ బళ్లతో దేశం దాదాపు అంత బాగానే నడిచేదని లెక్కలేసి చూపించి గగ్గోలు పుట్టించాడు, 1993లో నోబెల్ కూడా పంచుకున్నాడు. ఆ తర్వాత డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆయన బ్రిటిషు కాలపు మన జిల్లాల లెక్కలన్నీ తవ్వి, రైలొచ్చిన జిల్లాలో వ్యవసాయపు నిజ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని తేల్చాడు. 2018లో అచ్చయిందది. మరి ఎవరు రైటు?

నా మటుకు నాకు కాటన్ సగం రైటు. చదునైన డెల్టాలో, వడ్లూ ఉప్పూ కట్టెలూ లాంటి బరువు సరుక్కి కాలవని మించింది లేదు. కానీ రాయలసీమ గుట్టల్లో కాలవ ఎక్కిస్తాడా? ఇంకో తిరకాసు ఆయన కాలవల్లోనే ఉంది. పొలానికి నీళ్లు పారాలి, పడవకి నీళ్లు నిలవాలి. పారే నీటికి ఎదురు లాగాలంటే భుజాలు పగుల్తాయి. పైగా ప్రతి వేసవిలో కాలవలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. ఏడాదికి కొన్ని నెలలు సెలవు తీసుకునే రోడ్డుని ఏ వ్యాపారి నమ్ముకుంటాడు? సర్వర్ కొని వేసవంతా ఆపేస్తాం అంటే మన క్లయింటు ఊరుకుంటాడా!

రైలు కథ చూడండి. 1889లో సికింద్రాబాదు నుంచి నిజాం రైలు బెజవాడకొచ్చింది. మరుసటేడు గుంతకల్లు వేపు నుంచి మీటరుగేజి వచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన పడి, ఉత్తరాన కటకం దిక్కుగా రైలు సాగింది. 1899కల్లా మద్రాసుతోనూ కలిసింది. పదేళ్లలో బెజవాడకి నాలుగు దిక్కులా పట్టాలు. బందరుకి రైలొచ్చింది 1908లో. అదైనా ఏ రైలు? గుడివాడ మీదుగా వచ్చి ఆగిపోయే కొమ్మ లైను. రోడ్డున ఉయ్యూరు, పామర్రు మీదుగా డెబ్భై కిలోమీటర్లుండే దూరం పట్టాల మీద ఎనభై.

గ్రాఫుల భాషలో చెప్పాలంటే బెజవాడ నాలుగు అంచులున్న శీర్షం, బందరు ఒకే అంచున్న ఆకు. ఆకు మీదుగా ఎవరూ ఎక్కడికీ పోరు. అక్కడే పనుంటే తప్ప రారు. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి లైను పడింది, దాంతో గుడివాడ కూడా జంక్షనై బందరుని దాటేసింది. అవతలి ఒడ్డున రేపల్లెకి 1916లోనే రైలుంది. బందరుకీ రేపల్లెకీ మధ్య పటం మీద గీత గీస్తే నలభై కిలోమీటర్లుండదు. రైల్లో పోవాలంటే బెజవాడ వెళ్లి, తెనాలి దిగి, మళ్లీ రేపల్లె బండెక్కాలి. నూట నలభై కిలోమీటర్ల పైమాటే! ఈ చిన్న ముక్క కలపమని మావాళ్లు అడగని ఎంపీ లేడు, పెట్టని అర్జీ లేదు. ఆ ముక్క పడితే బందరు ఆకుగా ఉండటం మానేసి దారి మధ్య ఊరవుతుంది. సరిగ్గా అందుకే దివిసీమకీ రైలొస్తుంది.

దివిసీమ అన్నాను కాబట్టి ఆగాలి. ఇక్కణ్ణించి నాకు హాస్యమాడ్డం చేతకాదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్యా, కింద సముద్రమూ. మధ్యనున్నదే దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి. మా నాన్న పెద్దక్కని కోడూరు వేపు ఇచ్చారు. 1977 నవంబరు 19, శనివారం. వరి కోతకొచ్చి ఉంది. తుఫానొస్తోందని రేడియోలో చెప్పారని ఆవిడకి తర్వాత తెలిసింది, ఎందుకంటే వాళ్లింట్లో రేడియో లేదు. అయిదారు మీటర్ల ఎత్తున అల లేచి మైళ్లకొద్దీ లోపలికొచ్చింది. సర్కారు లెక్కే పదివేలు. అక్కడివాళ్లనడిగితే ఆ అంకె దగ్గర ఆగరు. చెట్లు పడి, గట్లు తెగి, లోపలికి పోవడానికి దారి లేదు, సంగతి బయటికి పూర్తిగా తెలియడానికే రోజులు పట్టింది. మండలి వెంకట కృష్ణారావుగారు, ఇంకా ఎంతోమంది పడ్డ పాట్లు మావేపు కథలుగా చెప్పుకుంటారు. పెద్దత్త, మావయ్య తాటిచెట్టు పట్టుకుని బతికారు. చంటిపిల్ల బతకలేదు. ఆ పిల్ల పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేనూ ఇక్కడ రాయను.

ఎంటెక్‌లో ఓ అసైన్‌మెంటు ఇచ్చారు: ఏదో ఒక ప్రాంతం తీసుకుని, ప్రమాదం వస్తే జనాన్ని తరలించే ప్రణాళిక వెయ్యండని. నేను దివిసీమ తీసుకున్నాను. రెండు వారాలు నిద్రపోకుండా ప్రోగ్రాం రాశాను. ఊళ్లు, రోడ్లు, వంతెన, వెడల్పులు, ఏ ఊరి బస్సు ఎప్పుడు కదలాలి, ఏ దారిన పోవాలి, అన్నీ. అందంగా గీతలు గీసి చూపించాను. ప్రొఫెసరుగారు అంతా విని ఒకే ప్రశ్న వేశారు. "బస్సులు ఎక్కడివి?"

నా ప్రోగ్రాంలో బస్సులు ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి. దివిసీమలో ఉండవు. అప్పటికప్పుడు కాగితం మీద లెక్కేయించారు. లక్షమందిని తరలించాలనుకో, బస్సుకి అరవైమంది, అంటే 1667 ట్రిప్పులు. యాభై బస్సులు దొరికాయనుకో, ఒక్కోటి 34 సార్లు తిరగాలి. ఆ సన్న రోడ్ల మీద ఎక్కించుకుని, వంతెన దాటి, దించి, తిరిగి రావడానికి మూడు గంటలనుకో. మొత్తం 102 గంటలు. నాలుగు రోజుల పైన. తుఫాను నాలుగు రోజుల ముందు చెప్పి వస్తుందా? వచ్చేది ఇక్కడికేనని అంత ముందు ఎవరు తేల్చగలరు? గాలి మొదలయ్యాక బస్సు కదలదు. "అయితే ఇప్పుడేం చేస్తావ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు నాకంటే ముందే దివిసీమలో ఉంది. 1977 తర్వాత తీరమంతా తుఫాను షెల్టర్లు కట్టారు. స్తంభాల మీద లేపిన కాంక్రీటు గదులు, కింద నీళ్లు పోయేలా. బందరులో తుఫాన్లని కనిపెట్టే రాడారు పెట్టారు. జనాన్ని వంతెన దాటించాలన్న పట్టు వదిలి, నడిచి చేరేంత దూరంలో ఎత్తు చూపించారు. ప్రయాణాన్ని వేగం చెయ్యడం కాదు, పొట్టి చెయ్యడం. 1990 మే 9న అంతటి పెద్ద తుఫానే వచ్చి మళ్లీ కృష్ణ ముఖం దగ్గరే తీరం దాటింది. ముందే లక్షలమందిని కదిలించారు. ఈసారి పోయినవాళ్లు వెయ్యి లోపు. వెయ్యి తక్కువేం కాదు, కానీ పదమూడేళ్ల తేడాలో ఆ రెండంకెల్ని పక్కపక్కన పెట్టుకుంటే, నేను చదివిన చదువు దేనికో నాకు అర్థమైంది.

ఇప్పటి సంగతి. పెనుమూడి–పులిగడ్డ వంతెన పడ్డాక రేపల్లె వేపు రోడ్డు దారి తెరుచుకుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు దాని మీదుగానే. బెజవాడ–గుడివాడ–భీమవరం, బందరు కొమ్మతో సహా, 2022లో రెండో లైనూ కరెంటూ పూర్తయ్యాయి. కాటన్ కాలవల్ని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. బందరు కాలవ గట్టున నిలబడి చూస్తే గుర్రపుడెక్క తప్ప పడవ కనబడదు. ఇక పోర్టు. 2008లో ఓ ముఖ్యమంత్రిగారు శంకుస్థాపన చేశారు, 2019లో ఇంకొకరు పనులు ప్రారంభించారు, 2023 మే 22న మరొకరు మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. మూడోసారి మాత్రం సముద్రంలో నిజంగానే రాళ్లు పడ్డాయి, నేను కళ్లారా చూశాను.

పోర్టు రావాలనే నాకూ ఉంది. వాదనకి బలం కూడా ఉంది: హైదరాబాదుకి దగ్గర్లో పడే రేవు బందరు. గోల్కొండ సుల్తాన్ల నాటి లెక్కే, ఏం మారలేదు. కానీ బెర్తులెన్ని అని అడిగినంతగా, దాని వెనక దారులెన్ని అని ఎవరూ అడగడం లేదు. 1864లో లోటు పడింది ఆ వెనకే.

పోయినసారి బందరు వెళ్లినప్పుడు పెద్దత్తని చూడ్డానికి కోడూరు వేపు వెళ్లాను. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, మాట తగ్గలేదు. పాత అలవాటు కొద్దీ, షెల్టరు మీ ఇంటికి ఎంత దూరం అత్తా అనడిగాను. కిలోమీటరో, రెండో చెబుతుందనుకున్నా.

"ఒట్టి చేతుల్తో అయితే ఆగకుండా పోవచ్చురా. బియ్యం డబ్బా నెత్తినుంటే చెరువుగట్టు మీద ఓసారి, బడి దగ్గర ఓసారి దించుకోవాలి. చంకలో పిల్లుంటే డబ్బా వదిలేసి పోవాలి" అంది.